సంచి మూతి

తీరం సిమెంటు కార్ఖానా నుంచి
నలభై సంచులు తిరిగొచ్చాయి రైలు పెట్టెలో.
ఉత్తరం లేదు.
ఒక సంచి మూలకి మాత్రం ఎవరో మేకు గుచ్చి పంపారు,
చూసుకోండి అన్నట్టు.

కుమీ నది అప్పటికి గడ్డకట్టి ఉంది.
మిల్లు వేడినీళ్లు కలిసేచోట మాత్రం
నల్లటి పాయ ఒకటి కదులుతోంది.
నేనక్కడ ఫిట్టర్ని.

సంచి అంటే మీరేమనుకుంటారో గానీ
మాది నాలుగు పొరల క్రాఫ్టు కాగితం గొట్టం.
రెండు కొసలూ కుట్టేస్తాం,
కుట్టు మీద ముడతల కాగితం పట్టీ వేస్తాం.
మరి నింపేదెట్లా?
పైకొసలో ఒక మూల లోపలికి మడిచి
ఆ సందులో కాగితపు నాలుక పెడతాం.
సిమెంటు గొట్టం అందులోంచి దూరుతుంది.
నిండేకొద్దీ లోపలి బరువే
నాలుకని నొక్కి దారి మూసేస్తుంది.
కడుపు నిండితే తనంతట తనే నోరు మూసుకునే సంచి.
మనుషుల్లో అంత బుద్ధి నేను చూడలేదు.

నలభైకీ ఒకటే రోగం.
మడత వంకర పోయింది,
సూది నాలుకనీ కలిపి కుట్టేసింది.
మూగగా పుట్టిన సంచులు.

ఇంజనీరు స్టెన్‌రూస్ మూడు వారాలు నిద్రపోలేదు.
సూది మార్చాడు, దారం మార్చాడు,
మార్చడానికేమీ మిగలక నన్ను తిట్టాడు.
సూది పక్క పాదం బిగువు తగ్గిస్తే
కుట్టు వదులై కింది కొస కారింది.
నేలంతా బూడిదరంగు పొడి.
మేము తుమ్మాం.

మూడో నంబరు మిషను సంచి
ఒక్కటీ తిరిగి రాలేదని
చిట్టా రాసే కుర్రాడు అన్నాడు, టీ తాగుతూ, మామూలుగా.

అక్కడ మూల మడిచేది హిల్యా.
సరిహద్దు అవతల ఊరు పోగొట్టుకుని
ఒక ఆవుతో, ఒక అప్పడాల కర్రతో
నడిచొచ్చిన కరేలియా మనిషి.
మిగతావాళ్లు కదిలే పట్టీ మీదే, సూది ముందే
హడావిడిగా మడిచేవాళ్లు.
ఆమె మాత్రం గొట్టం బల్ల మీద చదునుగా ఉన్నప్పుడే
బొటనవేలి గోటితో ఏటవాలుగా ఒక గీత గీసి
వదిలేసేది.
తర్వాత మడిస్తే కాగితం తనే వెళ్లి పడుకునేది.

ఎవరు నేర్పారు? అన్నాడు స్టెన్‌రూస్.
రై పిండి, అంది.
గీత పెట్టకుండా మడిచిన అంచు
పొయ్యిలో విచ్చుకుంటుంది,
లోపలి గంజి అంతా పెనం పాలు.
"ఎక్కడ వంగాలో ముందు చెప్పాలయ్యా దానికి."

అతను కాలిపర్సు తీసి
ఆమె వేలు కొలిచాడు.
ఇరవై రెండు మిల్లీమీటర్లు.
ఉంగరానికా? అని ఆమె అడిగింది.
హాలంతా నవ్వింది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

ఇత్తడితో ఆ వేలిని నేనే చేశాను.
మూడు పాడుచేశాను.
నాలుగోదాన్ని తన వేలి పక్కన పెట్టి
దీపం కింద చాలాసేపు చూసి
గోరు ఇంకొంచెం అరిగి ఉండాలి, అంది.
ఆకురాయి తీసుకున్నాను.

గీత ముందు. మడత తర్వాత. ఆపైన నాలుక.
అన్నిటికీ చివర సూది.
నిమిషానికి తొమ్మిది పోయి ముప్పై ఒకటి.
ఏప్రిల్లో నది పెద్ద చప్పుడుతో పగిలింది,
తిరుగు రైలు పెట్టెలు ఖాళీగా వచ్చాయి.

నక్షా మూలలో స్టెన్‌రూస్ సంతకం ఉంది.
నాది లేదు. ఆమెది అడిగినవాడే లేడు.
మడిచే ఆరుగురినీ గోదాముకి పంపారు,
కట్టలు లెక్కపెట్టడానికి.

వెళ్లేముందు వచ్చి
ఇత్తడి వేలు కొట్టుకోవడం చూసింది కాసేపు.
"దీనికి చలికి పగుళ్లు రావు" అంది.
మెచ్చుకోలో మరొకటో, ఇప్పటికీ తేల్చుకోలేను.

నా చేతిలో ఒక పొట్లం పెట్టింది,
పనికిరాని సంచి కాగితంలో చుట్టి.
లోపల మూడు రై రొట్టెలు, వెచ్చగా,
అంచంతా వరసగా మడతలు.
కాలిపర్సు నా జేబులోనే ఉంది.
తియ్యలేదు.